చేపల తొట్టికి రెండు ఫిల్టర్లు

మత్స్యశాఖలో కొత్తగా చేరే కుర్రవాళ్లకు ఎవరో ఒకరు నిజం చెప్పాలి. మీరు సముద్రం గురించి, వలల గురించి, రొయ్యల గుడ్ల గురించి చదువుకుని వస్తారు. సంతోషం. కానీ మీరు ఏ ఊళ్లో ఉంటారు, ఎవరితో ఉంటారు అనేది సముద్రం తేల్చదు. పై అధికారి ఇంటి వరండాలో, బల్ల మీద ఉన్న గాజుతొట్టి తేలుస్తుంది. నా విషయంలో అదే జరిగింది. అందుకని ప్రమోషన్ల సంగతి పక్కన పెట్టి ఈ తొట్టి సంగతే రాస్తున్నాను.

నా పేరు జీవరత్నం. బోగోలు దగ్గర పల్లె మాది. మా నాయన మిషన్ బడిలో పంతులు. యాభైల చివర్లో నేను శాఖలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరితే, మొదట కృష్ణపట్నం ఉప్పుటేరు దగ్గరికి వేశారు. అక్కడ నా పని రొయ్యపిల్లల్ని పట్టడం, భూతద్దం కింద చూడడం, మళ్లీ నీళ్లలో వదిలేయడం. వల వేసుకునే పెద్దాయన ఒకడు చాలా రోజులు నన్ను గమనించి, పట్టినోడు తినాల, లేదంటే అమ్మాల గానీ, పట్టి వదిలేదానికి కూడా గవర్నమెంటు జీతమిస్తుందా అని అడిగాడు. ఇస్తుందన్నాను. అయితే ఆ ఉద్యోగం తన కొడుక్కి కూడా చూడమన్నాడు.

అప్పటికే నాకు పెళ్లయింది. నా భార్య సారమ్మ నెల్లూరు మిషన్ స్కూల్లో టీచరు. మాది ఆదివారపు కాపురం. శనివారం సాయంత్రం బస్సు దొరికితే భార్య, దొరక్కపోతే రొయ్యలు. అట్లా కొన్నేళ్లు గడిచాక నన్ను నెల్లూరు ఆఫీసుకు మార్చారు. ఒక గది అద్దెకు తీసుకున్నాం. సారమ్మ కొత్త పొయ్యి వేసింది. పొద్దున్నే ఆమె బడికి, నేను ఆఫీసుకు, సాయంత్రం ఇద్దరం ఒకే ఇంటికి. అంత సంతోషం నాకు తర్వాత ఏ పదవిలోనూ దొరకలేదు. ఈ గది సంగతి గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా ఈ గది నిలవడం గురించే.

చేప ముట్టని చేపల ఆఫీసరు

నెల్లూరులో మా అసిస్టెంటు డైరెక్టరు సుబ్బరామయ్యగారు. చదువులో దొడ్డమనిషి. చేప పొలుసు చూసి దాని వయసు చెప్పేవారు. కానీ ఆయన పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. వాళ్ల ఇంట్లో భోజనాల వేళ ఆ మాట పలకడం కూడా కుదరదు. పల్లెల్లో మీటింగు పెట్టి, చేప తింటే ఎముకకు బలం, కంటికి బలం అని గంటసేపు చెప్పేవారు. ఆ గుంపు మొత్తంలో చేప తినని మనిషి ఆయనొక్కరే. మా బోగోలులో ఒక ముసలమ్మ, అయ్యకు ఏ చేపంటే ఇష్టమని అడిగింది. అన్నీ మంచివేనమ్మా అని చెప్పి జీపెక్కారు.

ఆఫీసులో ఆయన మాటకు ఎదురు లేదు. ఇంట్లో ఆయనకు మాటే లేదు. ఆయన భార్య కామాక్షమ్మగారు కడిగే మనిషి. కొంతమందికి పాడడం వస్తుంది, కొంతమందికి కుట్టుపని వస్తుంది, ఆవిడకు కడగడం వచ్చు. కూరగాయలు కడగడం ఎవరైనా చేస్తారు. ఆవిడ పొయ్యిలో పెట్టే కట్టెలు కూడా కడిగించి, ఎండబెట్టించి, అప్పుడు వెలిగించేవారు. సుబ్బరామయ్యగారు చేపల ఆఫీసు నుంచి వస్తున్నారు కాబట్టి వీధివాకిట్లోంచి లోపలికి రాకూడదు. ఇంటి చుట్టూ తిరిగి, బావి దగ్గర నీళ్లు పోసుకుని, పెరటి గుమ్మంలోంచి రావాలి. జిల్లా అంతా దండం పెట్టే మనిషి రోజూ సాయంత్రం తడిబట్టలతో దొడ్డిదారిన ఇంట్లోకి పోయేవాడు.

ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అధికారి, మత్స్యశాఖ ఆఫీసరు ఇంట్లో చేపలతొట్టి లేకపోవడం ఏమిటని నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటే మా శాఖలో ఆర్డరు. వారంలో మద్రాసు నుంచి తొట్టి, గాలిపంపు, బంగారు చేపలు వచ్చాయి. వాటిని చూసుకునే పని నాకు వచ్చింది. తొట్టి వరండా దాటడానికి వీల్లేదన్నారు కామాక్షమ్మగారు. నేను కూడా వరండా దాటకూడదు. తొట్టికీ నాకూ ఒకటే హద్దు.

వరండాలో కూర్చుంటే పక్క వసారా కనిపించేది. అక్కడ చాలా ఎత్తున ఒక దండెం ఉండేది. మడిబట్టలు ఆవిడ పొడుగాటి కర్రతో దాని మీద వేసి, మళ్లీ కర్రతోనే దించుకునేవారు. ఆ దండేన్ని, ఆ కర్రను సుబ్బరామయ్యగారు కూడా ముట్టకూడదు.

ఫిల్టరు అనే జీవి

ఇప్పుడు కొంచెం పని సంగతి. తొట్టిలో చేప తింటుంది, అందులోనే విసర్జిస్తుంది. ఆ మురికి విషమై చేపనే చంపుతుంది. ఫిల్టరు ఆ విషాన్ని విరగ్గొట్టాలి. మా రోజుల్లో ఫిల్టరంటే మూలన పెట్టే చిన్న గాజుపెట్టె. అందులో అడుగున గులకరాళ్లు, మధ్యలో బొగ్గు, పైన నైలాను పీచు. నైలాను వలలు అప్పుడప్పుడే వస్తున్నాయి కాబట్టి, చిరిగిన వలముక్కల్ని విప్పి ఆ పీచు వాడేవాళ్లం. పంపు గాలి బుడగలుగా లేస్తూ నీటిని లాగుతుంది. నీరు పీచులోంచి దిగుతుంది.

కొన్ని వారాలకు పీచు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే జిగటగా ఉంటుంది. చూసేవాడికి అది మడ్డి. నిజానికి పని చేసేది అదే. కంటికి కనపడని క్రిములు ఆ జిగట్లో కాపురం పెట్టి, విషాన్ని తిని బతుకుతుంటాయి. వాటికి గాలి ఆగకూడదు, తడి ఆరకూడదు, సబ్బు తగలకూడదు. పీచులో నీరు దిగడం మరీ మందగిస్తే, తొట్టిలోని నీళ్లే బకెట్లోకి తోడి, అందులో పీచును రెండుసార్లు ముంచి పిండి, మళ్లీ పెట్టేయాలి. అది కూడా సగమే. మిగతా సగం ఇంకోసారి. ఇంత మాత్రం బద్ధకం మీకు చేతకాకపోతే తొట్టి పెట్టకండి.

ఇది నా సొంత తెలివి కాదు. సుబ్బరామయ్యగారే నాకు నేర్పారు. బల్ల మీద బొమ్మ గీసి, బంగారం లాంటి పాఠం చెప్పారు. ఆ పాఠం వాళ్లావిడకు చెప్పే ధైర్యం మాత్రం ఆయనకు లేకపోయింది.

ఆఫీసులో ఇంకో తొట్టి ఉండేది. దాని గతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆయుధపూజ రోజున మా పెద్దగుమాస్తా రంగయ్య టైపు మిషను, జీపు, వలలు, తక్కెడ అన్నీ కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, ఆఖరికి ఫిల్టరు దగ్గరికి వచ్చాడు. మత్స్యశాఖకు ఇంతకన్నా ఆయుధం ఏముందన్నాడు. పీచు తీసి ట్యాపు కింద తెల్లగా ఉతికించాడు. పంపుకు బొట్టు పెట్టి, పూలు చుట్టి, ఆపేశాడు. పూజ చేసిన ఆయుధంతో ఆరోజు పని చేయించకూడదు, అది ఆచారం. నేను వద్దని మొత్తుకుంటే, సంవత్సరానికొక రోజు పంపుకు కూడా సెలవు ఉండొద్దా జీవరత్నం, నీకు లేదా క్రిస్మస్సు అన్నాడు. పంపు సెలవు తీసుకుంది. చేపలు శాశ్వతంగా తీసుకున్నాయి. పండగ పూట అశుభం మాట్లాడకూడదని ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

తలంటు

ఇంటి తొట్టిలో మొదటిసారి చేపలు చచ్చినప్పుడు సుబ్బరామయ్యగారు కొత్తవి తెప్పించారు. రెండోసారి చచ్చినప్పుడు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి, తలుపు మూసి, నీ అజాగ్రత్త వల్లే అన్నారు. హైదరాబాదు పెద్దాయన మళ్లీ వస్తున్నాడు. తొట్టి చూస్తాడు. ఇంకోసారి చచ్చాయో, రాయలసీమలో కొత్తగా కట్టిన రిజర్వాయరు దగ్గర మనిషి కావాలట, నువ్వు పోతావు అన్నారు. ఆ కాగితం టైపు కూడా చేయించి సొరుగులో పెట్టారు. ఇంటికొచ్చి చెబితే సారమ్మ పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఊదింది. అది అప్పటికే మండుతోంది.

చేపలు ఎందుకు చస్తున్నాయో నాకు తెలుసు. నేను పోయిన తర్వాత ఎవరో ఫిల్టరు పీచును కడుగుతున్నారు. గోధుమరంగు పట్టడం మొదలైన పీచు మర్నాటికి మల్లెపూవులా ఉండేది. నేను ముట్టుకున్నందుకే కడుగుతున్నారని నాకు అనుమానం. ఆ మాట మనసులో ముల్లులా ఉండేది, ఎవరితోనూ అనలేదు. సబ్బు తగిలితే చేపలు బతకవమ్మా అని మాత్రం వరండాలోంచి గట్టిగా చెప్పి వచ్చాను. లోపలి నుంచి సరేలేవయ్యా అని వినపడింది.

ఆ శనివారం వెళ్లేసరికి తొట్టి మీద నురగ. చేపలు కొన్ని వెల్లకిలా తేలాయి, మిగతావి నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. సుబ్బరామయ్యగారు అప్పుడే తలంటుకుని, తడితలతో వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను తొట్టి దగ్గరికి వంగి వాసన చూశాను. తర్వాత ఆయన తల వైపు చూశాను. తొట్టిలోంచి, ఆయన తలలోంచి ఒకటే వాసన. కుంకుడుకాయ.

మా శాఖలో చెరువుల్లోని పనికిరాని చేపల్ని చంపడానికి ఇప్పపిండి కలుపుతాం. అది నురగ తేలి, చేప మొప్పల్ని పాడుచేస్తుంది. కుంకుడుకాయ చేసే పనీ అదే. ఆయన దాని మీద ఒక వ్యాసమే రాశారు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఆ నురగ వైపు చూస్తూ నిలబడ్డాం.

"నీళ్లలో ఏదో తేడా ఉందయ్యా" అన్నారాయన.

"ఉంది సార్."

"నీ అజాగ్రత్తే. సోమవారం ఆ కాగితం మీద సంతకం పెడతాను."

ఆఫీసరు భార్య పేరు ఎత్తి ఉద్యోగం నిలబెట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు. అప్పుడు తలుపు చాటు నుంచి కామాక్షమ్మగారు మాట్లాడారు.

"ఆ అబ్బాయిని ఎందుకండీ అంటారు? కడిగింది నేను. సబ్బు వద్దన్నాడు, సబ్బు పెట్టలా. కుంకుడుకాయ పెట్టి కడిగినా."

ఆయన గొంతు సవరించుకున్నారు. అంతవరకే. లోపలికి తిరిగి ఒక్కమాట అనలేదు. నా వైపు తిరిగి, చూశావా, సబ్బు వద్దన్నావు గానీ కుంకుడుకాయ వద్దని చెప్పలేదు, అదే అజాగ్రత్త అన్నారు. కాగితం ఈసారికి సొరుగులోనే ఉంటుందని, ఇంకోసారి జరిగితే మాత్రం ఉండదని చెప్పి లోపలికి పోయారు.

చూసే ఫిల్టరు, పనిచేసే ఫిల్టరు

ఆవిడ మమ్మల్ని కాపాడారు. కానీ కడగడం మానరు, మానలేరు. అది నాకు ఆరోజే తెలిసిపోయింది. నేను గడప బయట, ఆవిడ తలుపు చాటున నిలబడి మాట్లాడుకున్నాం. నేను ముట్టుకున్నందుకే కడుగుతున్నారా అమ్మా అని అడిగేశాను, ఎట్లాగూ ఉద్యోగం వేలాడుతోంది గదా అని.

ఆవిడ చేతిలోని చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"నువ్వు ముట్టినా కడుగుతా, ఆయన ముట్టినా కడుగుతా. నేను ముట్టింది కూడా కడుగుతానయ్యా. కడక్కపోతే నాకు నిద్ర పట్టదు, ఏం చేసేది?"

అందులో నా వాటా ఎంతో, ఆవిడ స్వభావం వాటా ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ ఉండే ఉంటాయి. కానీ ఆ గొంతు విన్నాక నా ముల్లు సగం ఊడిపోయింది.

సోమవారం కుమ్మరి దగ్గరికి పోయి ఒక మట్టిమూకుడుకు చిల్లులు పెట్టించాను. దాన్ని తొట్టి అడుగున బోర్లించి, పైన మందంగా గులకరాళ్లు పోసి, వెనక రాయి చాటుగా ఒక గాజు గొట్టం నిలబెట్టాను. గాలి ఆ గొట్టంలోంచి లేస్తుంటే నీరు రాళ్లలోంచి దిగుతుంది. కొన్నాళ్లకు ఆ రాళ్లకే జిగట పడుతుంది. అసలు ఫిల్టరు ఇది. ఎవరికీ కనపడదు. గాజుపెట్టెను మాత్రం ముందు మూలనే ఉంచాను. దానికీ గాలి ఇచ్చాను, బుడగలు బాగా వచ్చేట్టు. అందులో తెల్లటి పీచు పెట్టి, రెండో పీచు ముద్ద కామాక్షమ్మగారికి ఇచ్చాను. వారానికొకసారి ఒకటి తీసి కడగండమ్మా, ఎంత తెల్లగానైనా కడగండి, ఆరబెట్టండి, ఆరినదాన్ని పెట్టండి, నురగ వచ్చేది మాత్రం ఏదీ వద్దు అని చెప్పాను.

"ఆరబెట్టొచ్చునా?" అని అడిగారు ఆశగా.

"ఎంత ఆరితే అంత మంచిదమ్మా" అన్నాను.

ఆ శనివారం నుంచి మడిబట్టల పక్కన, ఆ ఎత్తు దండెం మీద, చిరిగిన చేపలవల పీచు ఆరుతుండేది. ఏ వల, ఏ చేప తగిలిన వల అని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. చేపలు బతికాయి. హైదరాబాదు పెద్దాయన వచ్చి, ముందు మూలనున్న గాజుపెట్టెను వేలితో చూపించి, ఇంత తెల్లటి ఫిల్టరు రాష్ట్రంలో ఎక్కడా చూడలేదన్నాడు. సుబ్బరామయ్యగారు వినయంగా తలవంచుకున్నారు. సొరుగులోని కాగితం ఏమైందో తెలియదు. మా గదిలో పొయ్యి మాత్రం ఆరలేదు.

ఆ తర్వాత నేను ఎక్కడ తొట్టి పెట్టినా రెండు ఫిల్టర్లు పెట్టాను. పెద్ద అధికారుల బంగళాల్లో, గెస్టుహౌసుల్లో, మా ఆఫీసులో. ఒకటి చూసేవాళ్లకు, ఒకటి చేపలకు. రంగయ్య ప్రతి ఆయుధపూజకూ మొదటిదానికి బొట్టు పెట్టి సెలవిచ్చేవాడు, రెండోది పని చేసుకుపోయేది. కుర్రవాళ్లూ, మీరు చేరిన కొన్నాళ్లకు గమనిస్తారు. మన శాఖ మొత్తం ఇట్లాగే నడుస్తోంది. ముందు మూలన తెల్లగా బుడగలు వదిలేది ఒకటి ఉంటుంది, ప్రశంసలన్నీ దానికే. వెనక రాళ్ల కింద జిగటపట్టి ఉన్నదాన్ని కనుక్కోండి, దాని జోలికి పోకండి.

నాయుడుపేట దారిలో

అరవైల మధ్యలో సుబ్బరామయ్యగారు రిటైరై, నాయుడుపేట దగ్గర వాళ్ల సొంత పల్లెకు పోయారు. తొట్టి ఆయన సొంతం, వెంట తీసుకుపోయారు. దారిలో రాళ్లు ఆరకుండా తడిగోనె కప్పి బండి ఎక్కించింది నేనే. తర్వాత రాకపోకలు తగ్గాయి. కొన్నేళ్లకు ఆ పక్క చెరువుల పని మీద పోయినప్పుడు, బస్సు దిగి వాళ్లిల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

ఆయన వరండాలోనే ఉన్నారు. చిక్కిపోయారు. పక్కన బల్ల మీద అదే తొట్టి. నేను పలకరింపులు కూడా సరిగా చేయకుండా తొట్టి దగ్గరికి పోయాను, వృత్తి అట్లాంటిది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు నిగనిగలాడుతున్నాయి. ముందు మూలనున్న గాజుపెట్టెలో పీచు ముదురు గోధుమరంగుకు తిరిగి, చక్కగా జిగటపట్టి ఉంది. నా సర్వీసులో అంత ఆరోగ్యమైన ఫిల్టరు చూడలేదు. ఆ మాటే పైకి అన్నాను. ముందుదీ వెనకదీ రెండూ పని చేస్తున్నాయి సార్, ఎట్లా కుదిరింది అన్నాను.

"కడిగే మనిషి లేదయ్యా" అన్నారాయన.

నాకు అప్పుడు గానీ వాకిలి వైపు చూడాలని తోచలేదు. ముగ్గు లేదు. ఎండాకాలం ముందు జ్వరం వచ్చిందట, నాలుగు రోజుల్లోనే పోయారట. ఎవరికీ కబురు పెట్టే ఓపిక లేకపోయిందన్నారు. నేను అరుగు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. మా కాపురాన్ని నిలబెట్టిన మనిషి. నేను ఆవిడ ముఖం ఒక్కసారి కూడా సరిగా చూడలేదు.

కాసేపటికి ఆయనే అన్నారు.

"ఆ పెట్టె ఉత్తదని ఆమెకు తెలుసు."

నేను తలెత్తాను.

"మొదటి వారమే తెలుసు. వెనక గొట్టంలో బుడగలు కనపడవా? నేను నీకు చెప్పబోతే వద్దంది. 'ఆ అబ్బాయికి బదిలీ తప్పింది గదా, నాకు కడుక్కునేదానికి ఒకటి ఉంది గదా, ఉండనీండి' అంది. ఆ తర్వాత ఇన్నేళ్లు వారం తప్పకుండా కడిగింది."

నేను లేచి, గాజుపెట్టెలోంచి పీచు తీశాను. ఆయన బావి వైపు దారి చూపించారు. ఇంటి లోపలి నుంచే. మొదటిసారి వాళ్ల గడప దాటాను. బావి గట్టున కూర్చుని, నీళ్లు తోడుకుంటూ ఆ పీచును కడిగాను. మీకు ఇంతసేపూ చేయవద్దని చెప్పిందంతా చేశాను. పిండాను, రుద్దాను, జాడించాను. ఆవిడ కడిగినంత తెల్లగా అయ్యేవరకు లేవలేదు.

ఆరేయడానికి అటూ ఇటూ చూస్తుంటే, ఆమె ఎక్కడ వేసేదో అక్కడే వెయ్యి అన్నారాయన. ఈ ఇంటి వసారాలో కూడా అంతే ఎత్తున ఒక దండెం. దాని మీద ఏమీ లేదు. ఆయన మూలన ఉన్న పొడుగాటి కర్ర తెచ్చి నా చేతికిచ్చారు.